పాత బాకీలు తీరుస్తూ సిబిల్ స్కోరును మళ్లీ నిలబెట్టుకోవడం ఎలా?

స్కోరు పడిపోయిందని తెలియగానే చాలామంది ముందు కొత్త క్రెడిట్ కార్డు కోసం వెతుకుతారు. నిజానికి అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. పాత ఖాతా పక్కన ‘రిటన్ ఆఫ్’ (బ్యాంకు నష్టంగా రాసుకున్న బాకీ) అన్న ముద్ర అలాగే ఉంటే, స్కోరు 720కి చేరినా హోమ్‌లోన్ ఫైలు ముందుకు కదలడం కష్టం. బ్యాంకులో ఫైలు చూసేవాళ్లు మూడంకెల స్కోరుతో ఆగరు. రిపోర్టు లోపలి పేజీల్లో ఏ ఖాతా ఏ స్థితిలో ఉందో చూస్తారు. కాబట్టి వరుస ఇది: రిపోర్టు చదవడం, బాకీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవడం, చట్టప్రకారం దాని వయసెంతో లెక్కేయడం, కాగితం మీద ఒప్పందం చేసుకుని కట్టడం, రిపోర్టులో మార్పు వచ్చేదాకా వెంటపడటం. కొత్త అప్పు ఆ తర్వాతే.

రిపోర్టులు నాలుగు తీయండి

మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు, అంటే అందరి అప్పుల చరిత్ర దాచే సంస్థలు, నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆ బ్యూరో సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. ‘ఉచిత స్కోరు’ చూపించే యాప్‌లు నంబరు ఇస్తాయి, దాంతోపాటు మీ ఫోన్ నంబరుకు లోన్ కాల్స్ కూడా తెస్తాయి.

సిబిల్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మైక్రోఫైనాన్స్ అప్పులు ఎక్కువగా హైమార్క్‌లో బయటపడతాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ వచ్చాక వారం వారం కట్టే కిస్తీలు చాలా ఊళ్లలో ఆగిపోయాయి. అలాంటి పాత అప్పు పేరు మీద ఉన్నవాళ్లు ఈ రిపోర్టు తప్పక చూడాలి. డ్వాక్రా గ్రూపు లోన్ల వివరాలు సభ్యులవారీగా కూడా బ్యూరోలకు వెళ్తాయి కాబట్టి, గ్రూపు కట్టకపోతే మీ పేరు మీదకూ రావచ్చు. రుణమాఫీ వచ్చిన పంట రుణాన్నీ వదలకండి. డబ్బు జమైందా, ఖాతా సున్నా అయిందా, రిపోర్టులో మూసినట్టు ఉందా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు చిక్కు ఓటీపీ దగ్గర వస్తుంది. పాత ఇండియా సిమ్ పోయి ఉంటే పాన్, గుర్తింపు పత్రాలతో బ్యూరో కస్టమర్ విభాగానికి రాసి మొబైల్ నంబరు, ఈమెయిల్ మార్పించుకోవాలి. అమెరికా వెళ్లే హడావుడిలో వదిలేసిన పాత కార్డు బాకీ ఊళ్లో ఇల్లు కొనే రోజున ఎదురుపడుతుంది.

రిపోర్టులో ప్రతి ఖాతా కింద నెలల గళ్లు ఉంటాయి, 36 నెలల దాకా. గడిలో ‘000’ ఉంటే ఆ నెల సమయానికి కట్టారని. ‘030’, ‘064’ లాంటివి ఎన్ని రోజులు ఆలస్యమైందో చెబుతాయి. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ కిందకు పోతుంది. గడిలో ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అన్న అక్షరాలుంటే బ్యాంకు ఆ అప్పును దిగువ తరగతి, సందేహాస్పదం, నష్టం అని వరుసగా దించేసిందని అర్థం. ‘ఎక్స్‌ఎక్స్‌ఎక్స్’ అంటే ఆ నెల సమాచారమే రాలేదు, భయపడక్కర్లేదు.

ఒక నోటుపుస్తకంలో ప్రతి చెడ్డ ఖాతాకూ ఈ ఏడు రాసుకోండి: అప్పిచ్చిన సంస్థ, ఖాతా నంబరు చివరి అంకెలు, చివరిసారి కట్టిన తేదీ, ఓవర్‌డ్యూ (గడువు దాటినా కట్టని) మొత్తం, రైటాఫ్ అయిన మొత్తం (అసలు వేరుగా, మొత్తం వేరుగా), దావా వేసినట్టు ఉందా, ఈ వివరాలు చివరిసారి పంపిన తేదీ. తర్వాతి లెక్కలన్నీ చివరిసారి కట్టిన తేదీ చుట్టూనే తిరుగుతాయి.

పేరు తెలియని సంస్థ కనబడగానే మోసం అనుకోకండి. లోన్ యాప్‌లో తీసుకున్న 5 వేలు యాప్ పేరుతో రాదు, వెనకున్న ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పేరుతో వస్తుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రాబ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. పాత అప్పు కొత్త బ్యాంకు పేరుతో, కొత్త ఖాతా నంబరుతో ఉండొచ్చు. తేదీ, మొత్తం రెండూ సరిచూశాక కూడా మీది కాదనిపిస్తే అప్పుడు ఆ బ్యూరో దగ్గర వివాదం (డిస్ప్యూట్) నమోదు చేయండి. పేరు, పుట్టిన తేదీ దగ్గరగా ఉన్న ఇంకొకరి అప్పు మీ రిపోర్టులోకి రావడం అరుదేమీ కాదు. హామీ సంతకం పెట్టిన అప్పూ మీ పేరు కిందే వస్తుంది, అది మాత్రం పొరపాటు కాదు.

‘రిటన్ ఆఫ్’ అంటే మాఫీ కాదు

ఈ ఒక్క అపార్థం వల్ల ఏళ్లకేళ్లు పోతాయి. బ్యాంకు తన పుస్తకాల్లో ఆ మొత్తాన్ని నష్టంగా రాసుకుంది, అంతే. మీ బాకీ అలాగే ఉంది, వసూలు హక్కూ ఉంది. చాలాసార్లు అదే అప్పును ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు, అంటే ఏఆర్‌సీకి అమ్మేస్తారు. అప్పుడు బ్యాంకు బ్రాంచికి వెళ్తే ‘మా దగ్గర ఏమీ లేదండీ’ అంటారు. ఎవరికి ఎప్పుడు బదలాయించారో రాతపూర్వకంగా అడగండి. అమ్మేసిన అప్పుకు డబ్బు కట్టాల్సింది, ఎన్‌వోసీ (ఇక బాకీ లేదన్న పత్రం) తీసుకోవాల్సింది కొన్నవాళ్ల దగ్గరే. ఒకే అప్పు బ్యాంకు పేరుతో ఒకసారి, ఏఆర్‌సీ పేరుతో ఇంకోసారి బాకీగా కనిపిస్తుంటే, బ్యాంకు పద్దులో బకాయి సున్నా చేయమని వివాదం వేయాలి.

‘ఏడేళ్లు ఆగితే అదే పోతుంది’ అన్న మాటనూ నమ్మకండి. అమెరికాలో చెడ్డ పద్దును ఏడేళ్లకు తీసేయాలన్న నియమం ఉంది. మన దగ్గర ఉన్నది బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచాలన్న నియమం. రెంటికీ పోలిక లేదు.

మూడేళ్ల గడువు లెక్క

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు లాంటి తాకట్టు లేని అప్పులకు దావా వేయడానికి మూడేళ్ల గడువు. తాకట్టు పెట్టిన స్థిరాస్తి మీద వసూలుకైతే పన్నెండేళ్లు. ఇప్పటికే కోర్టు డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) వచ్చి ఉంటే, దాన్ని అమలు చేయించుకోవడానికి డిక్రీ నుంచి పన్నెండేళ్లు. మీ మీద కేసుందో లేదో ఈకోర్ట్స్ సైట్‌లో జిల్లా ఎంచుకుని పేరుతో వెతకొచ్చు. ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, రెండు రకాలుగానూ వెతకండి.

గడువు లోపల మీరు అప్పును ఒప్పుకుంటూ సంతకం చేసి రాసిస్తే 18వ సెక్షన్ కింద మూడేళ్లూ మళ్లీ మొదటికొస్తాయి. ‘బాకీ ఉన్నమాట నిజమే కానీ ఇప్పుడు కట్టలేను’ అని రాసినా ఒప్పుకున్నట్టే. గడువు లోపల కొంత కట్టి, ఆ చెల్లింపుకు మీ చేతిరాతో సంతకమో ఉంటే 19వ సెక్షన్ కిందా అంతే. గడువు దాటిపోయిన అప్పుకు కూడా ‘కడతాను’ అని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమవుతుంది. వసూలు ఏజెంటు ‘ముందు 500 వేయండి సార్, ఫైలు ఆపుతా’ అనడం వెనక కథ ఇదే కావచ్చు.

ఒక మెలిక ఉంది. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. కాబట్టి 2019 జూన్‌లో గడువు మొదలైన అప్పు 2022 జూన్‌తో కాలం చెల్లలేదు, 2024 మే, జూన్ దాకా బతికే ఉంది.

గడువు దాటితే కోర్టు దారి మూసుకుపోతుంది, అంతవరకే. అప్పు చెరిగిపోదు, రిపోర్టులో ముద్ర పోదు. ఇల్లు కొనే ఆలోచన, బ్యాంకు అప్పు అవసరం లేనివాళ్లకు ఆ రక్షణ సరిపోవచ్చు. స్కోరు కావాలనుకునేవాళ్లకు మాత్రం గడువు దాటిన అప్పు బేరంలో బలమిస్తుంది. అవతలివాళ్లకు దావా దారి లేదు కాబట్టి వాళ్లు దిగివచ్చే అవకాశం ఎక్కువ. చెక్కు బౌన్స్ కేసు సంగతి వేరు. 138 సెక్షన్ నోటీసు వస్తే 15 రోజుల్లో కట్టాలి, లేదా వకీలును కలవాలి. ఈసీఎస్, ఎన్‌ఏసీహెచ్ మాండేటు (కిస్తీ ఖాతాలోంచి దానంతటదే పోయేలా మీరిచ్చిన అనుమతి) బౌన్సైనా ఇలాంటి శిక్షే వర్తిస్తుంది.

ముందు ఏది కట్టాలి

ఇప్పుడు నడుస్తున్న అప్పు ఏదైనా 90 రోజుల లోపు ఆలస్యంలో ఉంటే మొదటి రూపాయి దానికే. ఐదేళ్ల కిందటి ముద్ర కంటే మొన్నటి నెల ఆలస్యం స్కోరును గట్టిగా కొడుతుంది. తర్వాత చెక్కు కేసు ఉన్నవి, ఇల్లు, బంగారం తాకట్టులో ఉన్నవి. ఆ తర్వాత పెద్దవాటికంటే ముందు చిన్నవి: పాత కార్డు మీద 1,840, యాప్ లోన్ మీద 3,200 లాంటివి. వీటికి బేరమాడి ‘సెటిల్డ్’ (తగ్గించి కట్టి రాజీపడిన ఖాతా) తెచ్చుకోవడం దండగ, పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ (బాకీ తీరి మూసిన ఖాతా) చేయించుకోండి. రిపోర్టు మీద ముద్రకు మొత్తంతో పనిలేదు. 3 వేల రైటాఫ్ కూడా రైటాఫే.

బాకీ ఉన్న బ్యాంకులోనే జీతం ఖాతా ఉంటే, జీతాన్ని వేరే బ్యాంకుకు మార్చుకున్నాకే మాటలు మొదలుపెట్టండి. ఖాతాలోని డబ్బును బాకీకి జమ చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది, 28న పడిన జీతం 29న కనిపించకపోవచ్చు.

‘సెటిల్డ్’ వర్సెస్ ‘క్లోజ్డ్’

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. 2 లక్షల పర్సనల్ లోన్. ఆగిపోయేనాటికి అసలు 1,10,000 మిగిలింది. వడ్డీ, చార్జీలు కలిపి ఇప్పుడు 1,86,000 అంటున్నారు. ‘ఈ నెలాఖరులోపు 75 వేలు కడితే అయిపోతుంది’ అని ఫోన్ వస్తుంది. 75 వేలు కడితే ఖాతా ‘సెటిల్డ్’ లేదా ‘పోస్ట్ రిటన్ ఆఫ్ సెటిల్డ్’ అవుతుంది. వసూలు వేధింపు ఆగుతుంది, రిపోర్టులో మాత్రం ‘పూర్తిగా కట్టలేదు’ అన్న మచ్చ ఉంటుంది. పైగా రాజీ కుదుర్చుకున్న ఖాతాదారుకు అదే సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదన్నది 2023 జూన్‌నాటి రిజర్వ్ బ్యాంక్ నియమం. పంట రుణాలకు ఈ 12 నెలల నిబంధన లేదు.

1,86,000 కట్టే స్తోమత లేదనుకోండి, నేరుగా 75 వేలకు దిగకండి. అడగాల్సింది ఇది: అసలు, న్యాయమైన వడ్డీ కట్టేస్తాం, జరిమానా చార్జీలు, లేటు ఫీజులు మాత్రమే తీసేయండి, ఖాతాను ‘క్లోజ్డ్’ అని పంపండి. కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకుంటే ‘క్లోజ్డ్‌గా రిపోర్టు చేస్తాం’ అన్న వాక్యం లేఖలో ఉండాలి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు.

డబ్బు అస్సలు లేక సెటిల్మెంటుకే వెళ్లాల్సి వస్తే వెళ్లండి, తప్పేమీ కాదు. రైటాఫ్ బాకీ తెరిచి ఉండటం కంటే సెటిల్డ్ మెరుగు. రెండేళ్ల తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు, వదిలేసిన మొత్తం కట్టి ‘క్లోజ్డ్’గా మార్చమని అడిగే దారి చాలా బ్యాంకుల్లో ఉంటుంది.

మొదటి ఈమెయిలు ఇలా ఉంటే చాలు:

‘ఫలానా నంబరు ఖాతాకు సంబంధించి అసలు, వడ్డీ, చార్జీలు విడివిడిగా చూపే స్టేట్‌మెంటు, ప్రస్తుతం ఈ ఖాతా హక్కుదారు ఎవరన్న వివరం పంపగలరు. ఈ లేఖ ఏ బాకీనీ ఒప్పుకున్నట్టు కాదు, నా చట్టపరమైన హక్కులు వదులుకున్నట్టూ కాదు.’

‘నా పరిస్థితి బాగోలేక కట్టలేకపోయాను’ అన్న వాక్యం మర్యాదగానే ఉంటుంది. గడువు లెక్కలో అదే ఒప్పుకోలు అవుతుంది.

కట్టే రోజున

ఒప్పంద లేఖలో ఉండాల్సినవి: సంస్థ లెటర్‌హెడ్, సంస్థ సొంత డొమైన్ నుంచి వచ్చిన ఈమెయిలు, పూర్తి ఖాతా నంబరు, ఈ రోజుకు మొత్తం బాకీ, కట్టాల్సిన మొత్తం, వాయిదాలైతే ఒక్కోదాని తేదీ, ‘ఇంతటితో పూర్తిగా చెల్లు’ అన్న మాట, బ్యూరోకు ఏ స్థితిగా పంపుతారు, ఎన్‌వోసీ ఎన్ని రోజుల్లో. ఒక వాయిదా తప్పితే ఒప్పందం మొత్తం రద్దని చాలా లేఖల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మూడు వాయిదాలు కట్టలేమనిపిస్తే ముందే ఆరు అడగండి.

డబ్బు ఎప్పుడూ లోన్ ఖాతాలోకే, లేదా లేఖలో రాసిన సంస్థ ఖాతాలోకే. ఏజెంటు యూపీఐకి, ‘మా సార్ ఫోన్‌పే’కి కాదు. ఏజెంట్ల ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రాకూడదు. బంధువులకు, ఆఫీసుకు ఫోన్ చేసి పరువు తీయకూడదు. అలా చేస్తే కాల్ రికార్డుతో సహా ముందు సంస్థకు ఫిర్యాదు చేయండి.

జాతీయ లోక్ అదాలత్ నోటీసు వస్తే వెళ్లండి. ఖర్చు ఉండదు, అక్కడి తీర్పు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. అందుకే అక్కడికక్కడ తొందరపడి సంతకం పెట్టొద్దు. కట్టలేని వాయిదాకు ఒప్పుకుంటే దాన్ని డిక్రీలాగే అమలు చేయిస్తారు. తగ్గించి కట్టిన ఖాతా ఇక్కడ కూడా ‘సెటిల్డ్’గానే పోతుంది.

కట్టాక వెంటపడటం

ఎన్‌వోసీ, సున్నా బ్యాలెన్సు చూపే స్టేట్‌మెంటు, హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు, మాండేటు రద్దు: నాలుగూ తీసుకోండి. ఇంటి పత్రాలు తాకట్టులో ఉంటే, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు పరిహారం.

2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు సమాచారం పంపాలి. కాబట్టి కట్టిన నెలన్నర తర్వాత కొత్త రిపోర్టు తీయండి. మారకపోతే ఎన్‌వోసీ జతచేసి బ్యాంకుకూ, బ్యూరోకూ ఒకే రోజు ఫిర్యాదు పెట్టండి. బ్యూరో సొంతంగా ఏదీ దిద్దదు, బ్యాంకును అడిగి దిద్దుతుంది. అందుకు బ్యాంకుకు 21 రోజులు, బ్యూరోతో కలిపి మొత్తం 30 రోజులు. దాటితే రోజుకు 100 చొప్పున మీకు రావాలి. ఇది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు నంబరు ఉంటేనే ఈ లెక్క మొదలవుతుంది. బ్రాంచిలో నోటిమాటగా చెప్పి వచ్చింది ఫిర్యాదు కాదు.

30 రోజులైనా జవాబు లేకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆ బ్యాంకు ఫిర్యాదుల సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448. బ్యూరోల మీద ఫిర్యాదులు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఇక్కడ తీసుకుంటున్నారు. ‘10 వేలిస్తే సిబిల్ క్లీన్ చేస్తాం’ అనేవాళ్లు చేసేది కూడా ఈ ఉచిత ఫిర్యాదులే. నిజమైన చెడ్డ పద్దును ఎవరూ చెరపలేరు.

ఇప్పుడు కొత్త చరిత్ర

20 వేలు ఎఫ్‌డీ చేసి, దాని మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోండి. స్కోరు లేకున్నా ఇస్తారు. లిమిట్ సుమారు 16 నుంచి 18 వేలు వస్తుంది. నెలకు 3, 4 వేలు మించకుండా కరెంటు బిల్లు, పెట్రోలు లాంటివి దాంతో కట్టండి. ఆటోపే పెట్టేటప్పుడు ‘మినిమమ్ డ్యూ’ కాదు, ‘టోటల్ డ్యూ’ ఎంచుకోండి. మినిమమ్ కడుతూ పోతే మిగిలినదానికి ఏడాదికి 40 శాతం చుట్టుపక్కల వడ్డీ పడుతుంది. బిల్లు తయారయ్యే రోజున కనిపించే బ్యాలెన్సే సాధారణంగా బ్యూరోకు పోతుంది. ఒక నెల ఎక్కువ వాడాల్సి వస్తే బిల్లు తేదీకి ముందే కొంత కట్టేయండి.

ఆరు నెలలకోసారి తప్ప కొత్త అప్పుకు దరఖాస్తు చేయొద్దు. ఒకే వారంలో నలుగురిని అడిగితే మీ రిపోర్టులో నాలుగు ఎంక్వయిరీలు (అప్పు అడిగినట్టు నమోదులు) పడతాయి. పే లేటర్ కూడా అప్పే. చీటీ పాట ఎంత క్రమంగా కట్టినా, వడ్డీ వ్యాపారికి ఎంత నమ్మకంగా తీర్చినా సిబిల్‌కు తెలియదు. బంగారం మీద అప్పు బ్యాంకులో, ఎన్‌బీఎఫ్‌సీలో తీసుకుంటే నమోదవుతుంది, పాన్‌బ్రోకర్ దగ్గరైతే కాదు. నగ వేలం దాకా పోతే అదీ చెడ్డ పద్దే.

ఎంత కాలం పడుతుంది? చెడ్డ ఖాతాలన్నీ ‘క్లోజ్డ్’ అయి, ఏడాదిపాటు ఒక్క రోజు ఆలస్యం లేకుండా కడితే చిన్న అప్పులు అందే స్థితికి వస్తారు. హోమ్‌లోన్‌కు రెండేళ్లు అనుకుని బయల్దేరండి. 36 నెలల గళ్లలో పాత ఎల్‌ఎస్‌ఎస్‌లు ఒక్కోటీ వెనక్కి జరిగిపోతుంటే మార్పు కంటికే కనిపిస్తుంది.

కట్టిన రసీదులు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి, ఏడాదిలో తెల్లబోతాయి. అదే రోజు జిరాక్స్ తీసి, ఫోటో తీసి మీ ఈమెయిలుకే పంపుకోండి. ఎన్‌వోసీ అసలు ప్రతి మాత్రం ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో పెట్టండి. బ్యాంకు ఇంకోదాంట్లో కలిసినా, పాత ఖాతా ఏఆర్‌సీ జాబితాలోకి పొరపాటున ఎక్కి మూడేళ్ల తర్వాత మళ్లీ ఫోన్ మోగినా, వాళ్లకు పంపాల్సింది ఆ ఒక్క కాగితమే.